రోగికి మంచం దొరికింది, వెంట వచ్చినవారికి రోడ్డే పక్క

రాత్రి నీడ చూపడం పురపాలక సంఘాల పని

మెదక్: ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే మన పల్లెల నుంచి పట్నం బస్సు ఎక్కడం మామూలే. గాంధీకో, ఉస్మానియాకో, చంటిపిల్లలైతే నిలోఫర్‌కో తీసుకుపోతాం. అదృష్టం బాగుంటే రోగికి మంచం దొరుకుతుంది. మరి వెంట పోయినవారి మాట? ఒకరిని లోపల ఉండనిస్తారు. మిగిలినవారు సంచి తలకింద పెట్టుకుని ఆస్పత్రి గోడ పక్కనో, చెట్టుకిందనో, మూసి ఉన్న దుకాణం మెట్ల మీదనో పడుకోవాలి. వాన వస్తే లేచి నిలబడాలి. ఆడకూతుళ్లయితే తెల్లవార్లూ కన్ను మూయరు.

ఊళ్లో ఇల్లుంది, ఎకరమో అరెకరమో భూమి ఉంది. అయినా ఆ రాత్రికి అతడు నిరాశ్రయుడే. అడ్డా మీద కూలికి పోయి ఫుట్‌పాత్ మీద పడుకునే మన పాలమూరు, మెదక్ కూలీలూ అంతే. కొడుకులు చూడక ఊరు విడిచిన ముసలివారు, మతి స్థిమితం లేక తిరిగేవారు, భర్త తరిమేసిన ఆడవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు. నిరాశ్రయులంటే బిచ్చగాళ్లేనని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. వారిలో ఎక్కువమంది పగలంతా రెక్కలు ముక్కలు చేసుకునేవారే.

లెక్క ఏం చెబుతోంది?

2011 జనాభా లెక్కల సందర్భంగా ఫిబ్రవరి 28 రాత్రి సిబ్బంది రోడ్ల మీద, స్టేషన్లలో, వంతెనల కింద తిరిగి ఇల్లు లేనివారిని లెక్క రాసుకున్నారు. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల పైచిలుకు తేలారు. అందులో సగానికి పైగా పట్టణాల్లోనే ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు లక్షా 45 వేల మంది. ఒక్క రాత్రిలో తీసిన లెక్క ఇది. ఆ వేళకు కంటపడనివారు ఇందులో లేరు.

కరువు నాటి మెదక్

ఇల్లూ తిండీ లేనివారికి ఆసరా ఇవ్వడం మెదక్‌కు కొత్త కాదు. మన చర్చి సంగతే తీసుకోండి. మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువు రోజుల్లో చుట్టుపక్కల పల్లెల జనం తిండికి అల్లాడారు. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ వారిని ఊరికే కూర్చోబెట్టి పెట్టలేదు. రాయి మోయించారు, గోడ కట్టించారు, చేసిన పనికి అన్నం పెట్టారు. పదేళ్ల పని. 1924 డిసెంబరు 25న చర్చిని ప్రారంభించారు. 175 అడుగుల ఆ గోపురం వెనుక ఆకలిగొన్నవారి చెమట ఉంది. ఏడుపాయల జాతరకు పోయేవారి కోసం అరుగు ఊడ్చి పెట్టే ఊళ్లు మనవి. పట్నంలో నాంపల్లి స్టేషన్ దగ్గర నిజాం కట్టించిన సరాయి కూడా బీద బాటసారి కోసమే. కాగా ధర్మసత్రం దాత దయ మీద నడుస్తుంది. దయ తగ్గితే తలుపు మూతపడుతుంది. అందుకే ఇది సర్కారు బాధ్యత కావాల్సి వచ్చింది.

చలికి చనిపోయాక కదిలిన వ్యవహారం

2009 డిసెంబరులో ఢిల్లీలో చలి వణికిస్తున్న రోజుల్లో పూసా రోడ్డు కూడలి వద్ద ఉన్న తాత్కాలిక రాత్రి బసను అక్కడి నగరపాలక సంస్థ తొలగించింది. అక్కడ తల దాచుకునేవారు రోడ్డున పడ్డారు. చలికి మరణాలు సంభవించినట్లు వార్తలు వచ్చాయి. ఆహార హక్కుపై 2001 నుంచి సుప్రీంకోర్టులో నడుస్తున్న కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు 2010 జనవరిలో ఈ సంగతి రాసి పంపారు. కోర్టు వెంటనే స్పందించింది. తర్వాత ఇతర రాష్ట్రాలకూ ఆదేశాలు వెళ్లాయి. పట్టణ జనాభాలో ప్రతి లక్షకు ఒక వసతి గృహం ఉండాలన్నది ఆ ఆదేశాల సారం.

2013లో కేంద్రం పట్టణ జీవనోపాధి మిషన్‌ను ప్రారంభించి, నిరాశ్రయుల వసతిని అందులో చేర్చింది. ఆ పథకం 2024 దాకా నడిచింది. డబ్బు కేంద్రం, రాష్ట్రం కలిసి ఇవ్వాలి, పని పురపాలక సంఘం చేయాలి. మన రాష్ట్రంలో ఆ బాధ్యత మెప్మాది. మనిషికి 50 చదరపు అడుగుల చోటు, పక్కబట్టలు, మంచినీరు, మరుగుదొడ్డి, వంట చేసుకునే వీలు, సామాను దాచుకునే పెట్టె ఉండాలన్నారు. ఆడవారికి వేరుగా ఏర్పాటు ఉండాలి. రాత్రి మాత్రమే కాదు, పగలూ తెరిచి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, జనం పనిచేసే చోటికి దగ్గరగా ఉండాలి.

రాత ఒకటి, చేత ఒకటి. చాలా రాష్ట్రాలు వచ్చిన డబ్బు ఖర్చు చేయలేదని తేలడంతో 2016 నవంబరులో సుప్రీంకోర్టు రిటైర్డ్ న్యాయమూర్తి కైలాష్ గంభీర్ అధ్యక్షతన ఒక కమిటీని వేయవలసి వచ్చింది.

పట్నంలో రెండు ముఖాలు

హైదరాబాద్ మహానగర పాలక సంస్థ కొన్ని వసతి గృహాలు తెరిచి, నిర్వహణ స్వచ్ఛంద సంస్థలకు అప్పగించింది. నిలోఫర్ వంటి ఆస్పత్రుల దగ్గర రోగుల సహాయకుల కోసం వేరే వసతి కట్టించింది. 2014లో ఐదు రూపాయల భోజనం మొదలైంది. 2022 మే నెలలో నగరంలోని 18 పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో రోగి వెంట వచ్చినవారికి మూడు పూటలా, పూటకు ఐదు రూపాయలకే తిండి పెట్టే ఏర్పాటు జరిగింది. ఇది మన పల్లెవారికి ఎంత మేలో పట్నంలో వారం రోజులు హోటల్ తిండి తిన్నవారికి తెలుసు.

రెండో ముఖం 2017 నవంబరులో కనిపించింది. అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు అమెరికా అధ్యక్షుని కుమార్తె వస్తున్నారు. పోలీసులు రెండు నెలలపాటు నగరంలో భిక్షాటనను నిషేధించారు. కూడళ్ల దగ్గర కనిపించినవారిని పట్టుకుని జైలు ఆవరణలోని ఆనందాశ్రమానికి తరలించారు. ఇకమీదట అడుక్కోబోమని రాసిచ్చిన చాలామందిని వదిలిపెట్టారు. కంటికి కనిపించకుండా చేయడం వేరు, నీడ చూపడం వేరు. అతిథి వెళ్లిపోయాక వదిలిపెట్టిన మనిషి మళ్లీ ఏ కూడలికి పోతాడో వేరే చెప్పాలా? 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లు అక్కడ చెల్లవని తీర్పు చెప్పింది.

ఇళ్ల పథకాలు లేవా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగా ఉన్నవారికి 5 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. జాగాయే లేని మనిషికి, ఫుట్‌పాత్ తప్ప చిరునామా లేని మనిషికి అది అందేదెలా? అందుకే వసతి గృహంలో ఉండేవారికి గుర్తింపు పత్రాలు, ఓటు, రేషను ఇప్పించడం కూడా పథకంలో భాగం చేశారు. ఇల్లు లేనివారికీ ఓటు ఉంది. వారు రాసిన చోటనే పడుకుంటున్నారో లేదో బూత్ అధికారి రాత్రిపూట వచ్చి చూసి, పేరు చేర్చాలని ఎన్నికల సంఘం నిబంధన.

మెదక్ మాటేమిటి?

2011 లెక్క ప్రకారం మెదక్ పట్టణ జనాభా 44 వేల పైచిలుకు. లక్షకు ఒకటి అన్న కొలత మనకు వర్తించదని తోసిపుచ్చడానికి లేదు. జిల్లా కేంద్రాలన్నిటినీ జనాభాతో పని లేకుండా ఆ పథకంలో చేర్చారు. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా కేంద్రమైంది. 2022లో రైలు వచ్చింది. 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఇవన్నీ మంచి పనులే. అయితే వాటితోపాటు పట్టణానికి వచ్చే మనుషులూ పెరుగుతారు. ఇంతకాలం పట్నం ఆస్పత్రుల ముందు మన పల్లెవారు పడ్డ పాట్లు రేపు మన పట్టణంలోనే మన పల్లెవారు పడకూడదు. పాపన్నపేట నుంచో, కుల్చారం నుంచో బాలింతను తెచ్చిన తల్లికి ఆఖరి బస్సు తప్పితే ఏ అరుగు దిక్కు?

చేయవలసింది కొండంత పనేమీ కాదు. ఆస్పత్రికి, బస్టాండుకు నడిచిపోయే దూరంలో ఒక పెద్ద గది, ఆడవారికి మరొకటి, నీళ్లు, దీపం, కాపలా మనిషి. ఊరి చివర ఎక్కడో కట్టి తాళం వేస్తే ప్రయోజనం లేదు. కూలి దొరికే చోటికి, రోగి ఉన్న చోటికి దూరమైతే ఎవరూ రారు, తర్వాత జనం రావడం లేదనే సాకుతో దాన్నీ మూసేస్తారు. సామానుకు భద్రత లేకపోయినా అంతే.

పల్లెల వంతు కూడా ఉంది. పట్నం ఆస్పత్రికి పోయేవారు చేరిన రోజే సహాయకుల వసతి ఎక్కడ, ఐదు రూపాయల భోజనం ఎక్కడ అని కౌంటర్‌లో అడగాలి. అడగడం నామోషీ కాదు. ఇక్కడ ప్రజావాణిలో పింఛన్లు, రోడ్ల గురించి ఇచ్చే అర్జీలతోపాటు ఆస్పత్రి దగ్గర రాత్రి బస కోసం కూడా ఒక అర్జీ పెట్టాలి. గ్రామసభ తీర్మానం జతచేస్తే ఇంకా మంచిది.

నూరేళ్ల కింద కరువులో వచ్చిన వారికి ఈ పట్టణం పని చూపింది, అన్నం పెట్టింది. ఇప్పుడు అడుగుతున్నది అంత కూడా కాదు, ఒక రాత్రి తల దాచుకునే చోటు. పాలకులు, అధికారులు వానాకాలం ముంచుకు రాకముందే ఈ సంగతి ఆలోచిస్తే బాగుంటుంది.