వసంతపు పూలకు ఆశ్వయుజంలోనే విత్తనం

సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న కోలారు బంగారు గనుల పట్టణాన్ని ఒకప్పుడు ‘చిన్న ఇంగ్లండు’ అనేవారు. ఇక్కడి చల్లదనాన్ని నమ్ముకొని ఆంగ్ల అధికారులు తమ బంగళాల చుట్టూ తోటలు పెంచారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినా ఆ చల్లని మార్గశిర, పుష్య మాసాలు మిగిలే ఉన్నాయి. లైను ఇంటి గుమ్మం ముందు నాలుగు కుండీలకు చోటుంటే చాలు, వాటి ఫలం అందుకోవచ్చు.

అయితే కాలనిర్ణయంలో పొరపాటు జరుగుతూ ఉంటుంది. చలిదేశాల పద్ధతి ప్రకారం వసంతంలో విత్తితే, మొలకలు ఎదిగేనాటికి ఇక్కడ ఎండలు ముదురుతాయి. ఏకవార్షికమంటే మొలకెత్తి, పూచి, విత్తనమిచ్చి ఒక్క ఏడాదిలోనే ముగిసే మొక్క. వీటిలో చలిని కోరే జాతులు వేడి పెరిగితే పూత తగ్గించి వాడిపోతాయి. కనుక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విత్తి, నారును పెద్ద వానల నుండి కాపాడుకోవలెను. అప్పుడు పుష్యం నుండి ఫాల్గుణం వరకు తోట పూలతో ఉంటుంది.

ఎంపికలో స్థలమే ప్రమాణం. కుండీలకు పెటూనియా, డయాంథస్ అనుకూలం. పెటూనియా విత్తనం ధూళివలె సన్ననిది. మట్టి కప్పక పైన చల్లితే చాలు. నస్టర్షియంను ఉన్నచోటనే విత్తవలెను. ఎరువు ఎక్కువైతే ఆకులే పెరుగుతాయి. పూజకు, మాలకు చైనా ఆస్టర్ మేలు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన కామిని, పూర్ణిమ, శశాంక్ రకాలు ఇందులోనివే. పాన్సీకి వేడి ఏమాత్రం సరిపడదు. తొలిసారి పెంచేవారు దానిని విడిచిపెట్టుట మంచిది.

మట్టి విషయంలో ఒక హెచ్చరిక. సైనైడ్ దిబ్బల పొడిని కుండీలలో నింపరాదు. అది రాతిని పిండిచేసి, సైనైడుతో బంగారం తీసిన పిదప మిగిలిన వ్యర్థం. మొక్కకు కావలసిన సారం అందులో లేదు, పిల్లలు తాకే చోట ఉండదగినదీ కాదు. ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది.

నీటి కొరత ఉన్న ఇళ్లలో బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని ఉదయం వేళ మొదళ్లకు పోయవచ్చు. ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది. తెల్లవారక ముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లేవారికి ఇది మరింత ఉపయోగం.

ఉగాది నాటికి ఎండిన పూలతలల నుండి విత్తనం సేకరించి, కాగితపు పొట్లంలో పొడిచోట దాచవలెను. సంకర రకాల విత్తనం మాత్రం తల్లిమొక్క వంటి పూలనే ఇస్తుందన్న నమ్మకం లేదు.