ఎముకల సాంద్రత: అంకెల అంతరార్థం

దేహమనే భవనానికి ఎముకలే స్తంభాలు. స్తంభం పైకి నిటారుగా కనిపిస్తూనే లోపల గుల్లబారితే, ఆ సంగతి ఇంటివారికి తెలిసేది అది కూలిననాడే. స్త్రీలలో నడివయస్సు దాటిన పిమ్మట కలిగే ఎముకల బలహీనత సరిగా ఇటువంటిదే. నొప్పి ఉండదు, జ్వరం రాదు. స్నానాల గదిలో కాలు జారి తుంటి విరిగిన రోజునే ఆ వ్యాధి తొలిసారిగా బయటపడుతుంది. అంతకు ముందే దానిని పసిగట్టే సాధనం నేడు మనకున్నది. అయితే ఆ పరీక్షాపత్రంలోని అంకెలు చాలామందికి అర్థం కావు. వాటిని విశదీకరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఎముక జడపదార్థం కాదు. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను నిర్మించే కణాలు అందులో నిరంతరం పనిచేస్తుంటాయి. యౌవనంలో నిర్మాణానిదే పైచేయి. సుమారు ముప్పదవ ఏటికి ఎముకల సంపద పరిపూర్ణమవుతుంది. స్త్రీలలో ఈస్ట్రోజన్ అనే హార్మోను కరిగించే కణాలకు కళ్ళెం వేస్తుంది. ముట్లుడిగిన తరువాత ఈ కళ్ళెం సడలి, తొలి కొన్ని సంవత్సరాలలో ఎముకల నష్టం మిక్కిలి వేగంగా సాగుతుంది. శస్త్రచికిత్సలో అండాశయాలను తొలగించినచో ఈ స్థితి ఏ వయస్సులోనైనా వెంటనే సంభవిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా నమోదైన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నవి. కనుక ఈ విషయం మన ప్రాంతపు స్త్రీలకు మరీ ముఖ్యమైనది.

సాంద్రతను కొలిచే పరీక్షను డెక్సా స్కాన్ అంటారు. రెండు వేర్వేరు శక్తులు గల ఎక్స్ కిరణాలను తుంటి గుండా, నడుము వెన్నుపూసల గుండా పంపుతారు. సూది పోటు లేదు, మత్తు లేదు. కిరణాల మోతాదు అత్యల్పం. ఫలితంలో ప్రధానమైనది టి స్కోరు. ఇది మన ఎముకల సాంద్రతను ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చి చెప్పే సంఖ్య. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాణాల ప్రకారం -1 గానీ అంతకు పైన గానీ ఉంటే సామాన్య స్థితి. -1కి, -2.5కి నడుమ ఉంటే సాంద్రత తగ్గిన స్థితి. -2.5 గానీ అంతకు దిగువన గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధి. పక్కనే ఉండే జెడ్ స్కోరు సమవయస్కులతో పోలిక. అది మరీ తక్కువగా ఉంటే వయస్సు కాక వేరొక కారణమేదైనా ఉన్నదేమో వైద్యులు పరిశీలిస్తారు.

ఇక్కడ కొన్ని అపోహలు తొలగాలి. -2.5 అంటే రెండున్నర శాతం నష్టమని కాదు. అది సగటు నుండి ఎంత దూరం జరిగామో చెప్పే గణాంక కొలత. ఒక్కొక్క అంకె దిగిన కొలదీ ఎముక విరిగే ప్రమాదం సుమారు రెట్టింపవుతుంది. అట్లని అంకె ఒక్కటే తీర్పు కాదు. ఇద్దరు స్త్రీలకు -2 వచ్చినదనుకొందాం. వారిలో ఒకరికి లోగడ చిన్నపాటి పడటంతోనే మణికట్టు విరిగి ఉంటే, ఆమెకు ముప్పు అధికం. వయస్సు, తల్లిదండ్రులలో తుంటి విరిగిన చరిత్ర, పొగాకు, దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్ మందులు కూడా లెక్కలోకి వస్తాయి. వెన్నెముక అరిగినవారిలోనూ, నల్లగొండ వంటి ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాలవారిలోనూ సాంద్రత ఎక్కువగా కనిపించవచ్చు. ఫ్లోరైడు వలన గట్టిపడిన ఎముక పెళుసుగానే ఉంటుంది.

ఇక రక్షణ మార్గాలు. భారత వైద్య పరిశోధనా మండలి 2020 సిఫారసుల ప్రకారం ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు, గ్లాసెడు పాలలో సుమారు 240 మిల్లీగ్రాములు లభిస్తాయి. పెరుగు, నువ్వులు, మునగాకు మన వంటింటి నిధులు. కాల్షియం ఒంటబట్టడానికి డి విటమిను కావాలి. దానికి ఎండ ఆధారం. నిండుగా వస్త్రాలు ధరించేవారు, ఇంటి పట్టునే ఉండేవారు తమ డాబా మీదనో పెరటిలోనో ముఖానికి, చేతులకు కొంతసేపు ఎండ తగలనివ్వాలి. లోపమున్నచో వైద్యుని సలహాపై మాత్రలు వాడాలి. చురుకైన నడక, మెట్లెక్కడం, కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఎముకను మేల్కొలుపుతాయి. తడి గచ్చు, చీకటి మెట్లు, జారే చెప్పులు శత్రువులు. స్నానాల గదిలో పట్టుకొనే కమ్మీ బిగించడం స్వల్ప వ్యయంతో గొప్ప రక్షణ.

వ్యాధి నిర్ధారణ అయినచో ఆహారం ఒక్కటే చాలదు, ఔషధాలు అవసరం. సాధారణంగా ఇచ్చే అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున గ్లాసు నిండా మంచినీటితో మ్రింగి, కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. లేనిచో అన్నవాహిక పుండు పడవచ్చు. ఏ మందునైనా తమంతట తాము మానుట తగదు. తిరిగి పరీక్ష చేయించేటప్పుడు వీలైనంతవరకు అదే యంత్రంపై చేయించాలి. యంత్రం మారితే పోలిక చెడుతుంది.

విద్యార్థినులకు మా మనవి రెండు విధాలు. ముప్పదేళ్ళలోపు కూడబెట్టిన ఎముకల సంపదే వార్ధక్యంలో మూలధనం, కనుక నేడే ఆహారంపై శ్రద్ధ వహించండి. ఇక ఇంట్లో తల్లి, నాయనమ్మ, అమ్మమ్మల పరీక్షాపత్రం బీరువాలో మూలబడి ఉంటే దానిని తీసి చదివి, వారి భాషలో వివరించి, వైద్యుని వద్దకు తోడు వెళ్ళండి. అంకె చూచి బెదిరిపోవలసిన పని లేదు, ఉపేక్షించనూ రాదు. నేర్చిన చదువు ముందుగా ఇంటికి ఉపకరించడమే దానికి శోభ.