మొదట ఆగడం నేర్పే బడి

ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవులు దగ్గరపడితే చాలు, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి, ఫోల్సమ్ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, పిల్లల్ని టాహో తీసుకెళ్తున్నాం, ఏ స్కీ స్కూల్లో చేర్చమంటావు? గ్రూపా, ప్రైవేటా?" అని. చలికాలం శని, ఆదివారాల్లో నేను టాహోలో చిన్నపిల్లలకి స్కీయింగ్ నేర్పుతుంటాను. అందుకే నన్ను అడుగుతారు. స్కూలు సంగతి తర్వాత, ముందు పిల్ల వయసెంతో, మధ్యాహ్నం ఇంకా పడుకుంటుందో లేదో చెప్పమంటాను.

టాహో సరస్సే సముద్రమట్టానికి ఆరు వేల అడుగుల పైన ఉంది. స్కీ కొండలు అక్కణ్ణుంచి ఇంకా పైకి. ఆ ఎత్తులో, ఆ చలిలో, కాళ్ళకి మడమ కదలనివ్వని బూట్లు, నెత్తిన హెల్మెట్, కళ్ళకి గాగుల్స్ తగిలించుకుని నాలుగేళ్ళ పిల్ల ఎంతసేపు ఉండగలదు? గంటన్నర దాటితే మాట వినదు. వినలేదు పాపం, ఒంట్లో ఓపిక ఉండదు. రోజంతా క్లాసుకి డబ్బు కట్టిన తల్లిదండ్రులు సాయంత్రం వచ్చేసరికి ఆ పిల్ల బూట్లు విప్పేసి లోపల బొమ్మలకి రంగులు వేసుకుంటూ ఉంటుంది. ఆ వయసుకి అదే సరైన పని. కానీ దానికి అంత డబ్బు పోయనక్కర్లేదు.

చాలా స్కీ స్కూళ్ళు మూడేళ్ళు నిండి, డైపర్ మానేసిన పిల్లల్ని చేర్చుకుంటాయి. మూడు, నాలుగేళ్ళ వాళ్ళకి గంటో రెండు గంటలో ప్రైవేటు పాఠం చాలు. అయిదారేళ్ళు వచ్చాక గ్రూపే మేలు. పక్కపిల్ల పడి, లేచి, నవ్వితే తనూ పడటానికి భయపడదు. నేను పదిసార్లు చెప్పినా రానిది పక్కవాణ్ణి చూసి ఒక్కసారికి వచ్చేస్తుంది. ఏడెనిమిదేళ్ళ వాళ్ళు రోజంతా హాయిగా నేర్చుకుంటారు.

గ్రూపులో చేర్చేటప్పుడు తప్పకుండా అడగాల్సింది, ఒక టీచరుకి ఎంతమంది పిల్లలు అన్నది. సెలవు రోజుల్లో ఎంతమంది అవుతారో కూడా అడగండి. మామూలు రోజుల లెక్క, రద్దీ రోజుల లెక్క ఒకటిగా ఉండవు. నాలుగేళ్ళ పిల్లలు ఆరుగురుంటే ఒకరిని లేపేలోపు ఇంకొకరు పడతారు, మూడోవాడికి బాత్రూమ్ వస్తుంది, మిగతావాళ్ళు మంచులో నిలబడి వణుకుతారు. ఆ వయసువాళ్ళు ముగ్గురు నలుగురికి మించితే నేర్పడం పోయి కాపలా కాయడమే మిగులుతుంది. అందుకే వీలైతే మామూలు వారాల్లో, శనాదివారాలు తప్పించి రమ్మంటాను.

ప్రైవేటు పాఠం ఖరీదే. పెద్ద రిసార్టుల్లో పండగ వారాల్లో రోజంతటి పాఠం వెయ్యి డాలర్లు దాటుతుంది. అయితే మనవాళ్ళలో చాలామందికి తెలియనిది ఒకటుంది. ఆ ధర సాధారణంగా పాఠానికి, తలకి కాదు. పెద్ద రిసార్టుల్లో చాలావరకు ఆరుగురిదాకా ఒకే పాఠంలో చేరొచ్చు. ఇద్దరు ముగ్గురు స్నేహితుల పిల్లలు దాదాపు ఒకే వయసువాళ్ళయితే కలిపి తీసుకోండి. నాలుగేళ్ళ చెల్లిని, పదేళ్ళ అన్నని మాత్రం కలపొద్దు. అన్న విసుగు చెల్లికి తెలిసిపోతుంది.

టీచరుకి ఏ అర్హత ఉందని అడగడం మర్యాద తక్కువ పనేం కాదు. అమెరికాలో స్కీ టీచర్లకి పీఎస్ఐఏ అనే వృత్తి సంఘం ఉంది, 1961లో పెట్టారు. ఒకటి, రెండు, మూడు స్థాయిల్లో సర్టిఫికెట్లు ఇస్తుంది. పిల్లలకి నేర్పేవాళ్ళకి చిల్డ్రన్స్ స్పెషలిస్ట్ అని విడిగా ఒకటుంది. రద్దీ కాలంలో అప్పుడే చేరిన కుర్ర టీచర్లు ఎక్కువగా ఉంటారు. వాళ్ళలో బ్రహ్మాండంగా నేర్పేవాళ్ళున్నారు, నేనే చూశాను. అయినా బెదురు పిల్లకి ప్రైవేటు తీసుకుంటున్నప్పుడు ఆ స్పెషలిస్ట్ కావాలని బుకింగ్ రోజే చెప్పండి.

ఫారంలో పిల్లకి ఎంత వచ్చో రాయమంటారు. "పోయినేడు రెండు రోజులు చేశాడు, మధ్యరకం" అని రాసేస్తారు. నేను చూసేది వేరు. ఆకుపచ్చ గుండ్రం గుర్తున్న తేలిక వాలు మీద తనంతట తను ఆగగలడా? రెండు వైపులకీ తిరగగలడా? చెయిర్‌లిఫ్ట్ ఎక్కి దిగగలడా? ఒక్కటి రాకపోయినా మొదటి గ్రూపులోనే వెయ్యండి. బాగా వస్తే మధ్యాహ్నానికల్లా మేమే పై గ్రూపుకి పంపిస్తాం. పైనుంచి కిందకి దించాల్సి వస్తే మాత్రం ఆ పిల్లాడి మొహం చూడలేం.

మొదటి రోజు ఏం నేర్పుతామో తల్లిదండ్రులకి ముందే తెలియాలి. చదునైన చోట ఒక కాలికే స్కీ పెట్టి నడిపిస్తాం, తర్వాత రెండో కాలికి. ఆపైన మ్యాజిక్ కార్పెట్ ఎక్కిస్తాం, అది ఎయిర్‌పోర్టులో మనుషుల్ని మోసే బెల్టులాంటిదే, మంచు మీద మెల్లగా పైకి వెళ్తుంది. కిందకి జారేటప్పుడు "పిజ్జా" అంటే స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టాలి, వేగం తగ్గుతుంది. "ఫ్రెంచ్ ఫ్రైస్" అంటే రెండూ సమాంతరంగా పెట్టి జారడం. పిజ్జాతో ఆగడం వచ్చేదాకా పైకి తీసుకెళ్ళం. రోజంతా ఆ చిన్న వాలు మీదే గడిచినా పాఠం బాగా జరిగినట్టే. "లిఫ్ట్ ఎక్కించలేదా?" అని పిల్ల ముందే అడిగే తండ్రులకి ఇదే చెబుతుంటాను.

ఇంకో మాట కూడా కచ్చితంగా చెబుతాను. క్లాసు జరుగుతుంటే కంచె దగ్గర నిలబడొద్దు. "కన్నా, వంగు! ఇటు చూడు!" అని కేకేస్తే పిల్ల అటు తిరిగి పడుతుంది, మిమ్మల్ని చూసి ఏడుపు అందుకుంటుంది. వెళ్ళి కాఫీ తాగి రండి.

స్కీలు అద్దెకి తీసుకునేటప్పుడు పిల్ల బరువు, ఎత్తు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిపోవాలి. ఎంత బలం పడితే ఊడాలన్నది బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి బిగిస్తారు. బరువు ఎక్కువ చేసి చెబితే స్కీ ఊడక కాలు మెలిపడుతుంది. చలి అని రెండు జతల మేజోళ్ళు తొడుగుతారు, అదీ వద్దు. పల్చటి ఉన్ని జత ఒక్కటి చాలు. రెండైతే లోపల ముడతలు పడి నొప్పి, రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. జీన్స్ వద్దు. కొత్తగా నేర్చుకునే పిల్లలకి చేతి కర్రలు అక్కర్లేదు. సన్‌స్క్రీన్ మరవద్దు, కొత్త మంచు అల్ట్రావయొలెట్ కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికే కొడుతుంది.

తిండి సంగతి. రోజంతటి క్లాసులో చాలాచోట్ల మధ్యాహ్న భోజనం వాళ్ళే పెడతారు. ఎక్కువగా చికెన్ నగ్గెట్స్, పిజ్జా, మాకరోనీ చీజ్. మాంసం, గుడ్డు తినని పిల్లయితే ఫారంలో రాయడమే కాదు, పొద్దున అప్పగించేటప్పుడు టీచరుకి నోటితో చెప్పండి. ఏమీ తినకుండా వచ్చిన పిల్లకి ఒంటిగంట తర్వాత ఏదీ నేర్పలేం. చిన్నవాళ్ళకి ఒక పూట పాఠమే నయమనడానికి ఇదీ కారణం. పన్నెండింటికి మీరే తీసుకెళ్ళి పెరుగన్నం పెట్టుకోవచ్చు.

తెల్లవారుజామున బయల్దేరి నేరుగా క్లాసుకి వచ్చేద్దామనుకోకండి. ఇంటర్‌స్టేట్ 80 మీద మంచు బాగా పడితే ఆర్2 అని గొలుసుల నిబంధన బోర్డు పెడతారు. నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ కారు కాకపోతే గొలుసులు వేసుకోవాల్సిందే. ముందు రోజే వచ్చి, సాయంత్రమే స్కీలు తెచ్చుకుని, పిల్లని త్వరగా పడుకోబెట్టండి. మొదటిసారికి పెద్ద రిసార్టే కావాలని కూడా లేదు. ఆ దారిలోనే సోడా స్ప్రింగ్స్, బోరియల్, టాహో డోనర్ లాంటి చిన్న కొండలున్నాయి. కొత్తవాళ్ళకి కావలసిన వాలు అక్కడ బోలెడంత.

హైదరాబాద్ నుంచి మా పిన్ని కూతురు కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్ గురించి అడిగింది. సంక్రాంతి సెలవులకి వెళ్దామని. 2024 జనవరిలో చాలా రోజులు అక్కడ మంచే లేదు, ఫిబ్రవరి నమ్మకం అన్నాను. కొత్త పిల్లలకి ఊళ్ళోని చిన్న వాలులే చాలు. అక్కడి గొండోలా (తాడు మీద నడిచే కేబుల్ కారు) రెండో దశ దాదాపు పదమూడు వేల అడుగులకి తీసుకెళ్తుంది, అది నేర్చుకునే చోటు కాదు. హోటల్ దగ్గర వెంటపడే గైడుకి పిల్లని అప్పగించేముందు, ఇక్కడ అడిగే ప్రశ్నలే అక్కడా అడగాలి.

పాఠం అయ్యాక పిల్లని తీసుకుని వెంటనే వెళ్ళిపోకండి. ఇవాళ ఏం వచ్చింది, రేపు ఏ వాలు మీద సాధన చేయించాలి అని టీచరుని అడగండి. రెండు నిమిషాల పని. మేం చెప్పిన వాలు మీదే రేపు పొద్దున తిప్పండి. అంతకంటే పైకి మాత్రం తీసుకెళ్ళకండి, తర్వాతి పాఠంలో మేం తీసుకెళ్తాం.