ఆకు పొరల్లోని కొవ్వు



చలికాలంలో పొద్దున్నే లేచి చూస్తే కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది. పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం ఎప్పటిలా జారుతూనే ఉంటుంది. ఈ తేడాను కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

గింజలో ఉన్నట్టు ఆకులో నూనె నిలవ ఉండదు. కాని ఆకులోని ప్రతి కణానికీ, దాని లోపలి హరితరేణువులకూ పలుచటి పొరలుంటాయి. అవి మాంసకృత్తులతో, కొవ్వు పదార్థాలతో తయారైనవి. ఆ కొవ్వులను శాస్త్రజ్ఞులు లిపిడ్లంటారు. మొక్కల పొరల్లోని లిపిడ్లను గుర్తించడంలో పెద్ద పేరు అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త ఆండ్రూ బెన్సన్‌ది.

ఆయన 1917లో కాలిఫోర్నియాలోని మోడెస్టోలో పుట్టారు. 1946 నుంచి బర్కిలీలో మెల్విన్ కాల్విన్ దగ్గర పనిచేశారు. ఆకు బొగ్గుపులుసు వాయువును చక్కెరగా ఎలా మారుస్తుందన్నది అక్కడి ప్రశ్న. రేడియోధార్మిక కార్బన్‌ను నాచుకు అందించి, కొద్ది క్షణాల్లో ఆ నాచును వేడి ఆల్కహాలులో చంపేవారు. అందులోని పదార్థాలను కాగితం మీద విడదీసి, ఆ కాగితాన్ని ఎక్స్‌రే ఫిల్ముకు ఆనించేవారు. ఫిల్ము మీద పడిన ఒక్కొక్క నల్లమచ్చ ఒక్కొక్క పదార్థం. ఆ మచ్చల్లో రిబ్యులోజ్ అనే చక్కెరను 1951లో గుర్తించింది బెన్సనే. బొగ్గుపులుసు వాయువును మొదట అందుకునేది దాని ఫాస్ఫేటు రూపమేనని తరువాత తేలింది.

1954లో కాల్విన్ ఆయనను ఇక వెళ్లమన్నారు. 1961లో నోబెల్ బహుమతి కాల్విన్ ఒక్కరికే వచ్చింది. మీ పిల్లల పాఠ్యపుస్తకంలో కాల్విన్ చక్రం అని ఉంటే, పక్కన బెన్సన్ పేరు కూడా రాసుకొమ్మనండి. చాలామంది శాస్త్రజ్ఞులు ఇప్పుడు అలాగే అంటున్నారు.

బెన్సన్ పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. చేతిలోని విద్యను ఎవరూ లాక్కోలేరు గదా! ఆ కాగితం పద్ధతినే కొవ్వుల మీదికి తిప్పారు. అయితే జిడ్డు పదార్థాలను కాగితం మీద చక్కగా విడదీయడం కష్టం. దానికి ఆయన వాడిన ఉపాయం మన సబ్బు తయారీకి దగ్గర చుట్టం. కొద్దిపాటి క్షారంతో లిపిడ్ల జిడ్డు తోకలను తెంపేశారు. మిగిలిన తలలు నీళ్లలో కరుగుతాయి, కాగితం మీద విడివిడిగా నిలుస్తాయి. రేడియోధార్మిక భాస్వరంతో ఇలా వెతికి, జపాను శాస్త్రజ్ఞుడు మారువోతో కలిసి ఫాస్ఫటిడైల్ గ్లిసరాల్ అనే లిపిడ్‌ను 1958లో ప్రకటించారు. మరుసటి ఏడు గంధకం ఉన్న మరో లిపిడ్, సల్ఫోలిపిడ్.

ఇంత చిన్న మచ్చలతో రైతుకేం పని అంటారా? పని ఉంది. భాస్వరం చాలని నేలలో మొక్క ఊరికే కూర్చోదు. హరితరేణువు పొరల్లో భాస్వరం ఉన్న ఆ లిపిడ్‌ను తగ్గించి, దాని చోట గంధకం ఉన్నదాన్ని పెంచుకుంటుంది. మిగిలిన భాస్వరాన్ని మరో అవసరానికి వాడుకుంటుంది. అంటే సూపర్ ఫాస్ఫేటు మానేయవచ్చని కాదు సుమా, ఇది మొక్క పడే తిప్పలు మాత్రమే.

ఇక కొబ్బరినూనె సంగతి. ఫాస్ఫటిడైల్ గ్లిసరాల్ తోకలు కొన్ని మొక్కల్లో కొబ్బరినూనెలా చలికి గట్టిపడే రకం, కొన్నింటిలో నువ్వుల నూనెలా జారే రకం. 1992లో జపానులో మురాటా బృందం ఈ తోకలను నిర్ణయించే జన్యువులను పొగాకు మొక్కలోకి చేర్చి చూసింది. గుమ్మడి జాతి జన్యువు చేరిన పొగాకు చలికి మరింత దెబ్బతిన్నది. అరబిడోప్సిస్ అనే, ఆవాల కుటుంబానికి చెందిన చిన్న మొక్క జన్యువు చేరినది బాగా ఓర్చుకుంది. పొర బిగుసుకుంటే, వెలుతురు వల్ల కలిగిన దెబ్బను ఆకు త్వరగా సరిదిద్దుకోలేదు. వరి కూడా చలికి ఓర్వని పంటే. చలి రాత్రుల తరువాత నారు పసుపు రంగుకు తిరగడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఈ పొరలు వాటిలో ఒకటి.

బెన్సన్ 1962లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చేరారు. చల్లని సముద్రాల్లోని చిరుజీవులు ఒంట్లో మైనం దాచుకుంటాయని అక్కడ తన సహచరులతో కలిసి చూపించారు. 2015లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు.