పై పన్ను పీకిస్తే కన్ను పోతుందా?

నూజివీడులో కాయ సీజన్ వచ్చిందంటే పచ్చి మామిడికాయ కొరకని పిల్లలుండరు. పుల్లటి ముక్క తగలగానే పళ్లు జివ్వుమంటాయి, కళ్లు వాటంతట అవే మూసుకుంటాయి. పంటికీ కంటికీ ఏదో లింకు ఉందని అందరికీ అనిపించేది అందుకే. అయితే పై దవడ పన్ను పీకిస్తే చూపు పోతుందనే భయం కూడా మన ఇళ్లలో ఉంది. దాంతో నానీలు, దాదీలు పుచ్చిపోయిన పన్నుతోనే నెలల తరబడి నొప్పి ఓర్చుకుంటుంటారు. ఇందులో నిజమెంత?

లింకు ఎక్కడుంది?

మెదడు నుంచి వచ్చే 12 జతల నరాల్లో ఐదోది ట్రైజెమినల్. దీనికి మూడు కొమ్మలు. ఒకటి కన్ను, నుదురు వైపు వెళ్తుంది. రెండోది పై పళ్లకు, మూడోది కింది పళ్లకు, నమిలే కండరాలకు. అందుకే పై పన్ను నొప్పి కంటిదాకా లాగినట్టుంటుంది.

కానీ చూపును మెదడుకు చేర్చేది రెండో నరం. కంటిగుడ్డును తిప్పేవి మూడు, నాలుగు, ఆరో నరాలు. పన్ను తీసేచోట ఇవేవీ ఉండవు. కాబట్టి పన్ను తీయిస్తే చూపు పోదు. మత్తు సూది వల్ల చాలా అరుదుగా కాసేపు రెండుగా కనిపించొచ్చు, మామూలుగా మత్తు దిగగానే సర్దుకుంటుంది.

అసలు ప్రమాదం ఇది

పన్ను తీయించకుండా వదిలేస్తేనే ముప్పు. పై పంటి చీము అరుదుగా కంటి గూటిదాకా పాకుతుంది. షుగర్ ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. పంటి నొప్పితో పాటు కన్ను వాచినా, జ్వరం వచ్చినా, కన్ను తిప్పితే నొప్పి పుట్టినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పాలు తాగితే రెప్ప లేస్తుంటే

కొందరు పసిపిల్లలకు ఒక రెప్ప వాలి ఉంటుంది. పాలు తాగేటప్పుడు దవడ కదిలితే ఆ రెప్ప టక్కున పైకి లేస్తుంది. 1883లో లండన్ కంటి డాక్టరు రాబర్ట్ మార్కస్ గన్ 15 ఏళ్ల అమ్మాయిలో దీన్ని గమనించి వివరించారు. దవడకు వెళ్లాల్సిన నరం పోగు పుట్టుకతోనే రెప్ప కండరానికి కలవడం దీనికి కారణం. నజర్ తగిలిందని దువా చదివించుకోండి, తప్పులేదు. కానీ డాక్టరుకు చూపించడం ఆపొద్దు. ఆ కంటి చూపు మందగించే అవకాశం ఉంది, చిన్నప్పుడే పట్టుకుంటే సరిచేయొచ్చు.

క్లిప్పులతో మెల్ల పోతుందా?

పళ్లవరస కుదరని పిల్లల్లో కంటి కదలికల తేడాలు కొన్ని పరిశోధనల్లో కనిపించాయి. అయితే రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకదానివల్లే ఇంకొకటి వచ్చిందని కాదు. క్లిప్పులు పెడితే మెల్లకన్ను పోతుందనడానికి గట్టి రుజువు లేదు. ఆ మాట నమ్మి డబ్బులు కట్టేముందు కంటి డాక్టరును అడగండి.

పంటికి విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల, కంటికి తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి నూజివీడు వారికి అందుబాటు దూరంలోనే ఉన్నాయి. ఇక నోటి శుభ్రత సంగతంటారా, మిస్వాక్ సున్నత్ మనకు కొత్తేం కాదు. రోజూ పాటిస్తే పన్ను పీకించే అవసరమే చాలావరకు తగ్గుతుంది.