డాక్టరుగారి గదిలో గుట్టు

"ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెత మన ఇళ్ళలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. ఆ భయంవల్లనే కాబోలు, జ్వరం వస్తే వీధి వీధంతా చెప్పుకొనే మనం, మనస్సుకు జబ్బు చేస్తే మాత్రం తలుపులు మూసుకుంటాం. దిగులుతో మంచం పట్టిన కోడలికి "నీరసం" అంటాం. పెళ్ళికెదిగిన పిల్ల ఉన్న ఇంట్లోనయితే మానసిక వైద్యుడి పేరే ఎత్తం. తీరా ధైర్యం చేసి ఆ గుమ్మం తొక్కినవారిని మరొక సందేహం పట్టుకుంటుంది. ఖర్చు ఇన్సూరెన్సు కంపెనీవారు ఇస్తారా? ఇచ్చేమాటయితే, నేను డాక్టరుతో చెప్పుకున్నదంతా వారు చదువుతారా?

సందేహం సబబైనదే. రోగి గుట్టు వైద్యుడు కాపాడాలన్న నియమం నిన్న మొన్నటిది కాదు. చరకసంహిత విమానస్థానంలో గురువు శిష్యుడికి చేసే ఉపదేశంలోనే, రోగి ఇంటి సంగతులు బయట చెప్పరాదన్న మాట ఉన్నది. గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేరిట ప్రసిద్ధమైన ప్రమాణంలోనూ ఇదే నియమం. అయితే ఆ రోజుల్లో గదిలో ఉన్నది ఇద్దరే. ఇప్పుడు డబ్బు చెల్లించే మూడవవాడు వచ్చి గుమ్మంలో నిలుచున్నాడు.

అతణ్ణి ఊరికే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. అతడిచ్చేది వేలమంది కట్టిన సొమ్ము. జబ్బు నిజమా, ఇన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచడం అవసరమా అని విచారించుకోవడం అతని విధి. చిక్కల్లా "ఎంతవరకు?" అన్నచోటనే వస్తుంది. కాలు విరిగితే ఎక్స్‌రే పంపితే సరిపోతుంది. ఎముక ఎవరిమీదా చాడీలు చెప్పదు. మనోవ్యాధి అలాటిది కాదు. అత్తగారి మాటలు, భర్త తాగుడు, చిన్ననాటి అవమానం, ఇవన్నీ రోగి నోట వస్తేగాని వైద్యం సాగదు. ఇవి బయటికి పొక్కుతాయన్న అనుమానం పుట్టిందంటే, రోగి సగం చెప్పి సగం మింగుతాడు. సగం మాటకు జరిగేది సగం వైద్యమే గదా!

అమెరికావారు ఈ చిక్కును గురించి చాలాకాలంగా తర్కించుకుంటున్నారు. చికిత్స చేసేవారితో రోగి ఏకాంతంగా చెప్పుకున్న మాటలను బయటపెట్టమని ఫెడరల్ కోర్టులు సైతం నిర్బంధించరాదని, 1996లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడు వచ్చిన "హిపా" చట్టం కింద ఏర్పడి, 2003లో ఆచరణకు వచ్చిన నియమాలలో ఒక తెలివైన ఏర్పాటు ఉన్నది. వ్యాధి పేరు, మందులు, ఎన్నిసార్లు చూశారు, ఎంతవరకు గుణం కనిపించింది, ఇవి మామూలు రికార్డు. అవసరమైన మేరకు కంపెనీకి పంపవచ్చును. సంభాషణను గురించి వైద్యుడు విడిగా రాసి ఉంచుకొన్న పుస్తకం మాత్రం, రోగి ప్రత్యేకంగా రాసి ఇస్తేనేగాని కంపెనీకి ఇవ్వరాదు. అలా రాసి ఇస్తేనే డబ్బిస్తామని కంపెనీ పేచీ పెట్టడానికీ వీల్లేదు. అక్కడ ఉంటున్న మన పిల్లలు ఈ సంగతి తెలుసుకొని ఉండడం మంచిది.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. శరీరవ్యాధులకు ఏ ప్రాతిపదికమీద ఇన్సూరెన్సు ఇస్తారో, మానసిక వ్యాధులకూ ఆ ప్రాతిపదికమీదనే ఇవ్వాలని దాని 21వ సెక్షను చెబుతున్నది. 23వ సెక్షను రోగికి గోప్యతను హక్కుగా ఇచ్చింది. రోగి నియమించుకొన్న ప్రతినిధి, చికిత్సలో పాల్గొనే ఇతర వైద్యులు, ప్రాణాపాయం, ఇతరులకు హాని, ప్రజాభద్రత, హైకోర్టువంటి అధికారుల ఉత్తరువు, ఇలాటి మినహాయింపులు కొన్ని ఉన్నవి. ఆ జాబితాలో ఇన్సూరెన్సు కంపెనీ పేరు లేదు.

మరి కాగితాలు కంపెనీకి ఎలా వెళ్ళుతున్నాయంటారా? మన సంతకంతోనే! ఆసుపత్రి రికార్డులు చూడడానికి సమ్మతిస్తున్నట్లు క్లెయిము ఫారంలో సన్న అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. కంగారులో ఎవరు చదువుతారు?

కనుక సంతకానికి ముందు డాక్టరుగారిని అడగండి: "ఏయే కాగితాలు పంపుతారండీ? డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీలు, బిల్లులు సరిపోవా?" కంపెనీవారు ఇంకా కావాలంటే, ఏది, ఎందుకు కావాలో రాతపూర్వకంగా అడగమనండి. ఉద్యోగం ద్వారా వచ్చిన పాలసీ అయితే, యజమానికి ఏ వివరాలు చేరతాయో ముందే కనుక్కోండి.

ఒక్క హెచ్చరిక. గుట్టు వేరు, దాపరికం వేరు. పాలసీ తీసుకొనేటప్పుడు "ఇదివరకు జబ్బేమైనా ఉన్నదా?" అని అడిగితే, ఉన్నదాన్ని లేదని రాయకూడదు. తరవాత అదే వంకతో క్లెయిము తిరగ్గొట్టవచ్చును. జబ్బు పేరు చెప్పడం మన బాధ్యత. ఆ జబ్బు వెనుకనున్న కన్నీటి కథ మాత్రం మనది. దాన్ని వినవలసింది వైద్యుడొక్కడే.