పాత పికప్‌కు పెరిగే పోషణ భారం

1986లో వచ్చిన టాటా 407, 2005లో వచ్చిన టాటా ఏస్ దేశంలో చిన్న సరకు రవాణాకు కొత్త దారి చూపాయి. ఇలాంటి బండ్లలో చాలావాటికి యజమానీ, డ్రైవరూ ఒక్కరే. కొత్తలో నెలవాయిదాలు భారమైతే, వాయిదాలు తీరేనాటికి మరమ్మతులు ఎదురవుతాయి.

చేతిలో డబ్బు ఆడనప్పుడు ముందుగా వాయిదా పడేది చౌకైన పనే. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చడానికీ, కమాన్ కట్టలకు గ్రీజు పెట్టించడానికీ అయ్యే ఖర్చు తక్కువే. నల్లబడిన ఆయిల్‌తోనే మరికొన్ని నెలలు లాగిస్తే అరుగుదల పిస్టన్ రింగులకూ, బేరింగులకూ పాకుతుంది. చివరకు ఇంజన్ మొత్తం విప్పించక తప్పదు. రేడియేటర్‌లో కూలెంటుకు బదులు బోరునీరు పోసే అలవాటూ అలాంటిదే. సున్నపు పొర పేరుకుని, ఇంజన్ వేడెక్కి, హెడ్ గాస్కెట్ పోతుంది. పరిమితికి మించి సరకు ఎక్కిస్తే క్లచ్ ప్లేటు, బ్రేకు లైనర్లు, కమాన్లు త్వరగా దెబ్బతింటాయి. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ పోయిన కిరాయి ఏ బిల్లులోనూ కనిపించదు.

రవాణా వాహనానికి 8 ఏళ్లు నిండితే ఏటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం తీసుకోవాలి. 15 ఏళ్లు దాటిన వాహనాలకు ఈ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి భారీగా పెంచింది. కాలుష్య నివారణ ఉద్దేశం సమంజసమే. కానీ ఆ దెబ్బ తగిలేది కొత్త బండి కొనే స్తోమత లేనివారికే. చాలా విడిభాగాలపై 28 శాతంగా ఉన్న జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గడం కొంత ఊరట. అయితే ఆ తగ్గింపు అందిందో లేదో తెలియాలంటే చేతికి బిల్లు రావాలి. రోడ్డుపక్క షెడ్డుల్లో అదే అరుదు.